థైరాయిడ్ గ్రంథి – కాల్షియం కబురు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కంకిపాడులో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద ఏదైనా మాట్లాడండి అని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను ముందు ఒప్పుకోలేదు. నేను డాక్టరును కాను. 1973లో తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక మండల కార్యాలయంలో అదే కుర్చీ, అదే బీరువా. 2009లో దిగిపోయాను. నాకు తెలిసినదల్లా తపాలు, ఫైలు, నోటు, రిమైండరు. అయితే మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటు, అది కూడా నా చేతుల మీదుగా జరిగినది, నన్ను ఈ మధ్య బలవంతాన చదివించింది. ఆ చదివిన నాలుగు ముక్కలూ మీ ముందు పెడతాను. తప్పులుంటే సభలో ఉన్న పెద్దలు దిద్దవలసిందిగా మనవి.

మా ఇంటావిడకు థైరాయిడ్ తక్కువగా ఉందని 2011లో తేలింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే 75 మైక్రోగ్రాముల మాత్ర. పదేళ్ళకు పైగా ఏ ఇబ్బందీ లేదు. పరీక్ష చేయించినప్పుడల్లా టి.ఎస్.హెచ్. రెండో మూడో ఉండేది. ఎవరి మాత్ర వారు వేసుకునేవాళ్ళం, ఎవరి లెక్క వారిది.

2022లో ఆవిడకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. ఎముకలు పలచబడ్డాయి అని కాల్షియం మాత్రలు రాశారు. రెండు రోజులు వేసుకోవడం, మూడో రోజు మరిచిపోవడం. నాకు చిరాకు వేసింది. బందరు రోడ్డులో ఒక దుకాణంలో ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బా కొన్నాను. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక్కో గదిలో ఆ రోజు మాత్రలన్నీ వేసిపెట్టాను. థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర, బి.పి. మాత్ర, గ్యాస్ మాత్ర. పొద్దున్న ఆరింటికి డబ్బా తీసి గది తెరిచి ఆవిడ చేతిలో పోసేవాణ్ణి. అన్నీ ఒకేసారి వేసుకుని, వెంటనే కాఫీ. ఒక్క మాత్ర కూడా తప్పకుండా మూడు నెలలు జరిపించాను. ఆఫీసులో ఇంత పక్కాగా రికార్డు నడిపి ఉంటే నాకు మెమో వచ్చేదే కాదు అనుకునేవాణ్ణి.

నాలుగో నెలలో మొదలైంది. ఆవిడ పొద్దున్న లేవలేకపోయేది. ధనుర్మాసంలో ముగ్గు వేయడానికి కూర్చుంటే లేవడానికి చెయ్యి ఇవ్వాల్సి వచ్చేది. ఫ్యాను వేస్తే చలి అనేది. గొంతు బొంగురుపోయింది. ఓసారి పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే కుర్చీలో కూర్చుని నిద్రపోయింది. పాలు పొంగి, మాడి, ఇల్లంతా వాసన వచ్చేదాకా లేవలేదు. ఆ ఏడు సంక్రాంతికి అరిసెలు వండలేదు. అప్పుడు నేను ఒక మాట అన్నాను. "నీకు ఒళ్ళు బరువెక్కింది, పని మీద ధ్యాస పోయింది" అన్నాను. పక్కింటివాళ్ళు కూడా వింటూ ఉండగా అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి పడుకుంది.

పరీక్ష చేయిస్తే టి.ఎస్.హెచ్. తొమ్మిదిన్నర దాటింది. పెద్దవాళ్ళకు సాధారణంగా సుమారు 0.4 నుంచి 4 వరకు ఉండాలంటారు. మేము చూపించుకున్నచోట మాత్ర వంద చేశారు. రెండు నెలలకు మళ్ళీ చూస్తే పధ్నాలుగు. నూట పాతిక చేశారు. మాత్ర పెరుగుతుంటే టి.ఎస్.హెచ్. దిగాలి గదా, పెరుగుతున్నదేమిటి? ఈ ప్రశ్న నన్ను గానీ, రాసిన వారిని గానీ ఆపలేదు. ఆపినది మందుల షాపులో కుర్రవాడు. నూట పాతిక చీటీ చూసి, "అమ్మగారు ఇది కాల్షియంతో కలిపి వేసుకోవడం లేదు గదండీ?" అన్నాడు. అప్పుడు నా ఏడు గదుల డబ్బా నా కళ్ళ ముందు కదిలింది.

ఆ సాయంత్రమే వైద్యం చదువుతున్న మా మనవరాలికి ఫోను చేశాను. "అమ్మడూ, కాల్షియం థైరాయిడ్‌ను చెడగొడుతుందా?" అని అడిగాను. అది నవ్వి, "కాల్షియం లేకపోతే థైరాయిడ్ పనే చెయ్యదు తాతయ్యా" అంది. నాకు మతిపోయింది. ఒకరేమో కాల్షియం దగ్గరికి రానివ్వొద్దంటారు, ఇదేమో అది లేకపోతే పనే లేదంటుంది. ఏది నిజం అని అడిగితే, రెండూ నిజమే, స్థలం వేరు అంది. సెలవులకు వచ్చినప్పుడు నాలుగు రోజులు కూర్చోబెట్టి చెప్పింది. నేను కాగితం మీద నోట్ చేసుకున్నాను.

ముందు గ్రంథి సంగతి. మెడ ముందు భాగంలో, గొంతు ముడికి కొంచెం కింద, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఉంటుంది. బరువు సుమారు 20 గ్రాములు. సూక్ష్మదర్శినిలో చూస్తే లోపల చిన్న చిన్న సంచులు. సంచి గోడ అంతా ఒక వరుస కణాలు, సంచి మధ్యలో పాకంలాంటి జిగురు. ఆ జిగురులో ఉన్న పెద్ద మాంసకృత్తుకే అయోడిన్ అతికించి హార్మోనును నిల్వ చేస్తుంది. శరీరంలో మిగతా గ్రంథులు అంతగా నిల్వ పెట్టవు. ఇది మాత్రం రెండు మూడు నెలలకు సరిపడా గాదెలో పోసుకుంటుంది. అందులోంచి కొంచెం కొంచెం విడిపించి రక్తంలోకి పంపుతుంది. ఆ హార్మోనే థైరాక్సిన్. నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి కాబట్టి టి-ఫోర్ అంటారు. మూడే ఉన్నది టి-త్రీ. అమెరికాలో కెండాల్ అనే ఆయన 1914 క్రిస్మస్ రోజున దీన్ని శుద్ధంగా విడదీశాడు.

ఇక కాల్షియం. మన ఒంట్లో సుమారు కిలో కాల్షియం ఉంటుంది. అందులో నూటికి 99 పాళ్ళు ఎముకల్లోనూ పళ్ళలోనూ. మనమంతా కాల్షియం అంటే ఎముకలే అనుకునేది అందుకే. మిగిలిన ఆ ఒక్క పాలు చేసే పని గురించి మొదట తెలిసింది ఒక పొరపాటు వల్ల. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి కొట్టుకునేలా చేస్తుండేవాడు. ఆ నీటిని శుద్ధజలంతో కలపవలసిన సహాయకుడు ఊళ్ళో కుళాయి నీటితో కలిపాడు. గుండె చక్కగా కొట్టుకుంది. శుద్ధజలంతో కలిపి చూస్తే కాసేపటికి ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉన్న సున్నం, అంటే కాల్షియం, గుండె కండరానికి కావలసి ఉందని 1883లో రింగర్ ప్రకటించాడు. మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కడుతుందే, అందులో ఉన్నదీ ఈ సరుకే. ఆసుపత్రిలో ఆర్.ఎల్. అని సెలైను ఎక్కిస్తారు గదా, అందులో ఆర్ అంటే ఈ రింగరే. (సహాయకుల పొరపాట్లు అధికారుల పేర్లకు పనికొచ్చిన సందర్భాలు మన శాఖలోనూ ఉన్నాయి, వాటి జోలికి పోను.)

కాల్షియం కబురు ఎలా మోస్తుందో అర్థం కావాలంటే మనకు ప్రకాశం బ్యారేజి చాలు. వేసవిలో కాలువ కట్టేస్తారు. బ్యారేజి ఎగువన నీరు నిండుగా ఉంటుంది, కాలువలో అడుగు కనబడుతుంది. మధ్యలో షట్టర్లు. లస్కరు షట్టరు కాస్త ఎత్తితే చాలు, నీరు ఉరుకుతుంది. ఎవరూ తోయనక్కరలేదు, మట్టంలో తేడాయే తోస్తుంది. మన ఒంట్లో ప్రతి కణమూ ఇలాగే ఉంటుంది. కణం వెలుపల విడిగా తిరిగే కాల్షియం ఎంత ఉంటుందో, కణం లోపల అందులో సుమారు పది వేలవ వంతు మాత్రమే ఉంటుంది. ఇది కాక కణం లోపలే ఒక చెరువులాంటి నిల్వ కూడా ఉంది. కబురు రాగానే షట్టర్లు లేస్తాయి. క్షణంలో కణం లోపల కాల్షియం పెరుగుతుంది. పెరిగిందని పసిగట్టే మాంసకృత్తులు లోపల సిద్ధంగా ఉంటాయి, అవి కాల్షియాన్ని పట్టుకుని రూపం మార్చుకుని పనిలోకి దిగుతాయి. పని కాగానే పంపులు కాల్షియాన్ని మళ్ళీ బయటకీ చెరువులోకీ తోడేస్తాయి. తోడకపోతే కణం చస్తుంది. కాలువ తెరిచి మూయకపోతే చేలు ఏమవుతాయో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఆ పంపులు నడవాలంటే ఇంధనం కావాలి గదా. ఆ ఇంధనం పేరు ఏ.టి.పి. ఈ మాట వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. ఎందుకంటే దాన్ని కనుగొన్నవారిలో ఒకరు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో హార్వర్డులో ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తరువాత 1929లో ఏ.టి.పి. బయటపడ్డాయి. జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా ఆ ఏడే విడిగా కనుగొన్నాడు. 1948లో సుబ్బారావుగారు పోయారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది. నేను చెప్పబోయే కథలో ప్రతి మలుపులోనూ భాస్వరం ఉంటుంది, గమనించండి.

ఇప్పుడు కథ. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అక్కడి నుంచి టి.ఆర్.హెచ్. అనే చిన్న కబురు బయలుదేరుతుంది. అది మూడే మూడు అమైనో ఆమ్లాల ముక్క. దాని నిర్మాణం 1969లో తేల్చడానికి లక్షల గొర్రెల, పందుల మెదళ్ళ ముక్కలు కావలసి వచ్చాయి. గియ్‌మన్, షాలీ అనే ఇద్దరు పోటీపడి తేల్చారు, 1977లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. అదే బహుమతిలో మిగతా సగం రోజలిన్ యాలో అనే మహిళకు వచ్చింది. రక్తంలో అతి సూక్ష్మంగా ఉండే హార్మోన్లను కొలిచే పద్ధతి ఆమెది. ఈనాడు మనం మూడు నాలుగు వందలు కట్టి టి.ఎస్.హెచ్. కాగితం తెచ్చుకుంటున్నామంటే ఆ దారి వేసినది ఆమె.

టి.ఆర్.హెచ్. వెళ్ళి పిట్యూటరీ గ్రంథి కణం గుమ్మం తడుతుంది. లోపలికి రాదు. మన ఆఫీసులో ఇన్‌వర్డు గుమాస్తా కిటికీ దగ్గరే తపాలు తీసుకున్నట్టు, కణం పొరలో ఉన్న గ్రాహకం దాన్ని అందుకుంటుంది. అందుకోగానే లోపల ఐ.పి.త్రీ అనే చిన్న పదార్థం పుడుతుంది. ఇందులోనూ భాస్వరమే. అది పోయి లోపలి చెరువు షట్టరు ఎత్తుతుంది. ఈ ఐ.పి.త్రీ చెరువులోని కాల్షియాన్ని వదిలిస్తుందని 1983లో బెరిడ్జ్ తదితరులు క్లోమ కణాల్లో చూపించారు. కాల్షియం పెరగగానే పిట్యూటరీ కణంలో సంచుల్లో కట్టిపెట్టి ఉన్న టి.ఎస్.హెచ్. రక్తంలోకి విడుదల అవుతుంది. అంటే థైరాయిడ్‌కు ఉత్తరం బయలుదేరడానికే ముందు కాల్షియం గంట మోగాలి.

ఆ టి.ఎస్.హెచ్. రక్తంలో ప్రయాణం చేసి మెడ దగ్గరి థైరాయిడ్ కణం కిటికీకి వస్తుంది. ఇక్కడ సంగతి కాస్త చిక్కుగా ఉంటుంది. ఒకే ఉత్తరం మీద రెండు సెక్షన్లకు రెండు నోట్లు వెళతాయి. మొదటి నోటు పేరు సైక్లిక్ ఏ.ఎం.పి. సుబ్బారావుగారి ఏ.టి.పి. నుంచే అది తయారవుతుంది. ఇలాంటి లోపలి కబురు ఉంటుందని చూపిన సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. రక్తం నుంచి అయోడిన్ లాగడం, గాదెలోని జిగురును కణం గుటకలుగా మింగి అరగదీసి హార్మోనును విడిపించి రక్తంలోకి వదలడం, ఇవి ప్రధానంగా ఈ మొదటి నోటు అదుపులో జరుగుతాయి.

రెండో నోటు కాల్షియం. మనుషుల థైరాయిడ్‌లో ఈ రెండో నోటు కదలాలంటే టి.ఎస్.హెచ్. మొదటిదానికన్నా ఎక్కువ మోతాదులో రావాలి. ఇది ఏం చేస్తుంది? అయోడిన్ వచ్చినంత మాత్రాన అతుక్కోదు. అతికించడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. చిన్నప్పుడు దెబ్బ తగిలితే కాంపౌండరు పుండు మీద పోసేవాడు, తెల్లగా నురగ వచ్చేది, అదే పదార్థం. మన మెడలో ఈ క్షణాన కూడా అది తయారవుతోందంటే నేను నమ్మలేదు. దాన్ని తయారుచేసే ఎంజైము పేరు డుయాక్స్. 2000 సంవత్సరం ప్రాంతంలో గుర్తించారు. ఆ ఎంజైములో కాల్షియం పట్టుకునే చోట్లు ఉన్నాయి. కణంలో కాల్షియం పెరిగితే పెరాక్సైడ్ తయారవుతుంది, అయోడిన్ అతుకుతుంది, గాదె నిండుతుంది. ఈ ఎంజైముకు సంబంధించిన జన్యువులో లోపంతో పుట్టిన పసివాళ్ళకు పుట్టుకతోనే థైరాయిడ్ తక్కువ కావచ్చు. అందుకే పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తీసి పరీక్షిస్తారు. తెలియక వదిలేస్తే బిడ్డ బుద్ధి మందగిస్తుంది, తెలిస్తే రోజుకో చిన్న మాత్రతో మామూలు పిల్లల్లాగే పెరుగుతుంది.

ఇంకో వింత. కాల్షియం తోసేది మాత్రమే కాదు, ఆపేది కూడా. బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో కుక్కల థైరాయిడ్ మీద చాలా కాలం పరిశోధనలు చేశారు. అక్కడ కణంలో కాల్షియం పెరిగితే మొదటి నోటును, అంటే సైక్లిక్ ఏ.ఎం.పి.ని, చింపేసే ఎంజైము చురుకవుతుందని, హార్మోను విడుదల తగ్గుతుందని తేలింది. ఒక సెక్షనువాడు పంపిన నోటును ఇంకో సెక్షనువాడు బుట్టదాఖలు చేయడం మనకు కొత్త కాదు గానీ, ఇక్కడ అది పద్ధతి ప్రకారం జరుగుతుంది. నిండటం, విడుదల కావటం రెండూ ఒకదాన్నొకటి మించిపోకుండా ఉంటాయి. జంతువును బట్టి ఇది మారుతుంది, కుక్కలో ఉన్నదంతా మనిషిలో అలాగే ఉందనుకోకూడదని మా మనవరాలు గట్టిగా చెప్పింది. అందుచేత నేనూ చెబుతున్నాను.

రక్తంలో టి-ఫోర్ తగినంత ఉంటే పిట్యూటరీ ఉత్తరాలు తగ్గిస్తుంది. తక్కువైతే పెంచుతుంది. టి.ఎస్.హెచ్. ఎక్కువగా ఉండటం అంటే ఏమిటో నాకు ఇక్కడ అర్థమైంది. అది రిమైండరు. పని జరగకపోతే కలెక్టరాఫీసు నుంచి మొదట ఉత్తరం, తరువాత రిమైండరు, ఆపైన డి.ఓ. లెటరు వచ్చేవి గుర్తున్నాయా? పధ్నాలుగు అంటే డి.ఓ. లెటరు. మా ఇంటావిడ గ్రంథి ఎప్పుడో పని మానేసింది. దాని బదులు మాత్ర పనిచేయాలి. మాత్ర రక్తంలోకి చేరడం లేదు కాబట్టి మెదడు పాపం రిమైండరు మీద రిమైండరు రాస్తోంది. మేమందరం రిమైండరు చూసి మాత్ర పెంచామే గానీ, పంపిన సరుకు ఎక్కడ ఆగిపోయిందో చూడలేదు.

ఎక్కడ ఆగింది? కడుపులో. కాల్షియం మాత్రల్లో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద. అది థైరాక్సిన్‌ను తన మీద అంటించుకుని పేగు గోడ దాటనివ్వదు. 2000లో అమెరికాలో థైరాక్సిన్ మాత్ర వాడుతున్న 20 మందికి మూడు నెలల పాటు దానితో కలిపి కాల్షియం కార్బొనేట్ ఇచ్చి చూశారు. రక్తంలో థైరాక్సిన్ తగ్గింది, టి.ఎస్.హెచ్. పెరిగింది. కాల్షియం ఆపగానే మళ్ళీ దారికి వచ్చింది. ఆ పరిశీలన అచ్చయి ఇరవై ఏళ్ళు దాటాక కూడా నేను ప్లాస్టిక్ డబ్బాలో ఆ రెండింటినీ ఒకే గదిలో పోశాను.

ఒక సందేహం మీకూ వచ్చి ఉంటుంది, నాకూ వచ్చింది. థైరాయిడ్ కణానికి కాల్షియం కబురు కావాలి గదా, మరి కాల్షియం తింటే గ్రంథి బలపడదా? పడదు. కణం లోపల మోగేది చెరువు షట్టర్లతో నడిచే గంట, మనం మింగిన మాత్రతో కాదు. రక్తంలో కాల్షియం ఒకే మట్టంలో ఉండేలా థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంతేసి ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు కాపలా కాస్తాయి. ఎక్కువ తిన్నా తక్కువ తిన్నా అవి సర్దుతాయి. థైరాయిడ్ తీసేసే ఆపరేషనులో ఈ నాలుగింటికీ దెబ్బ తగిలితే పెదవుల చుట్టూ తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం వస్తాయి. అది వేరే సంగతి.

ఇంతకన్నా భయపడవలసిన మాట ఒకటి ఉంది. నూట పాతిక మాత్ర వేసుకుంటున్న ఆవిడ, ఏదో ఒక రోజు ఎవరో చెప్పగా కాల్షియం మానేసిందనుకోండి. అప్పుడు ఆ నూట పాతికా రక్తంలోకి వెళుతుంది. అవసరానికి మించిన థైరాక్సిన్ పెద్ద వయసులో గుండె లయ తప్పిస్తుంది. ఎముకలను గుల్ల చేస్తుంది. ఎముకల కోసమని మొదలుపెట్టిన కాల్షియం చివరకు ఎముకలనే తినే దారిలో మమ్మల్ని పెట్టేది. డాక్టరుకు సంగతంతా చెప్పి, ఆయన సలహాతో మళ్ళీ 75కే దిగాము. మాత్రలు విడదీశాము. థైరాక్సిన్ రక్తంలో సగం కావడానికే వారం పడుతుంది కాబట్టి పరీక్ష వెంటనే చేయిస్తే తెలియదు. ఆరు వారాలకు పైగా ఆగి చేయించాము. 3.1 వచ్చింది. ఆ కాగితం బీరువాలో ఉంది.

ఇక మనవాళ్ళందరికీ పనికొచ్చేవి నాలుగు మాటలు. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతోనే వేసుకోవాలి. కాఫీతో కాదు. కాఫీ కూడా మాత్ర ఒంటపట్టడాన్ని తగ్గిస్తుంది. కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగండి. మన ఇళ్ళలో ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. ముందు డికాషను, తరువాతే దేవుడు. కాల్షియం మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం కావాలి. ఐరన్ మాత్రకూ, గ్యాస్‌కు తాగే తెల్లమందుకూ ఇంతే. పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర కూడా కొందరిలో థైరాయిడ్ మాత్ర అవసరాన్ని పెంచుతుంది, కాబట్టి అది వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పండి. నలుగురు డాక్టర్లు నాలుగు చీటీలు రాస్తారు. ఆ నాలుగు చీటీలూ ఒకచోట పెట్టి చూసేవాడు ఎవరూ ఉండరు. ఎవరి ఫైలు వారిదే. ఏ మాత్ర ఏ టైముకు వేసుకుంటున్నారో ఒక కాగితం మీద రాసి, వెళ్ళిన ప్రతిచోటా బల్ల మీద పెట్టండి. అడగకపోయినా పెట్టండి. టి.ఎస్.హెచ్. పెరిగిందని మాత్ర పెంచబోతే, ముందు ఈ కాగితం ఒకసారి చూడమని మర్యాదగా అడగండి. ఎవరి మాత్రా వారంతట వారు పెంచుకోవద్దు, మానేయవద్దు. వయసు పైబడినవారిలో టి.ఎస్.హెచ్. కొంచెం ఎక్కువగా ఉండటం మామూలే కావచ్చునని కూడా చెబుతున్నారు, దానికి తొందరపడి మాత్ర మొదలుపెట్టనక్కరలేదు, అది డాక్టరు తేల్చవలసిన విషయం.

ఉప్పు గురించి అడుగుతారని తెలుసు. బందరు వైపు నుంచి బస్తాల్లో వచ్చే గళ్ళ ఉప్పు తిని పెరిగినవాళ్ళం మనం. అయోడిన్ లేని ఉప్పును నేరుగా తినడానికి అమ్మడం 2006 నుంచి దేశమంతా నిషేధం. గాయిటరు నివారణ పథకం దేశంలో 1962లోనే మొదలైంది. అయోడిన్ లేకపోతే నేను పైన చెప్పిన రెండు నోట్లూ ఎన్ని వచ్చినా అతికించడానికి సరుకుండదు, గ్రంథి ఉబ్బిపోతుంది. అయితే మా ఇంటావిడలా గ్రంథి చెడిపోయి మాత్ర మీద ఉన్నవాళ్ళకు అయోడిన్ ఉప్పు ఎక్కువ తిన్నా ఉపయోగం లేదు. బి.పి. మాత్రం పెరుగుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్న ఐదున్నరకు థైరాయిడ్ మాత్ర. ఆరున్నరకు కాఫీ. కాల్షియం మధ్యాహ్నం అన్నం తిన్నాక. ఏడు గదుల డబ్బాలో ఇప్పుడు గుండీలు, సూదులు ఉన్నాయి. మొన్న సంక్రాంతికి అరిసెలు వండింది. నేను ఆ రోజు అన్న మాట గురించి ఆవిడతో ఎత్తాలని రెండుమూడు సార్లు ప్రయత్నించాను. "ఏమండీ, ఆ పాకం తీగ పాకం వచ్చిందేమో చూడండి" అని మాట మార్చేసింది. ఈ ప్రసంగం రాసుకున్న కాగితాలు నిన్న రాత్రి ఆవిడకు చదివి వినిపించాను. బ్రస్సెల్స్ కుక్కల దగ్గర నిద్రపోయింది గానీ, పాలు మాడిన సంగతి మాత్రం తీసేయమంది. నేను తీయలేదు.

సమయం మించినట్టుంది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మాత్రల చీటీలు తెచ్చినవారు ఎవరైనా ఉంటే భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి, నా కాగితం ఎలా రాశానో చూపిస్తాను.